పందిరి మంచము: మరుగున పడుచున్న ఒక విద్య

విద్య అనగానే మనకు పుస్తకము, నల్లబల్ల, పరీక్ష, పట్టా గుర్తుకు వస్తాయి. చేతితో చేసే పనిని విద్య అని పిలవడానికి చదువుకొన్నవారి నాలుక నేటికీ తటపటాయిస్తుంది. మన పెద్దలకు ఇట్టి సంకోచము లేదు. వారు వడ్రంగమును, నేతను, కంచరమును "చేతివిద్యలు" అనే అన్నారు. ఉర్దూలో "హునర్" అన్న పదానికి గల మర్యాద కూడా ఇట్టిదే. హునర్ గలవాడు అనగా చేయి తెలిసినవాడు, బుద్ధి తెలిసినవాడు అని రెండర్థాలూ ఒక్కసారే స్ఫురిస్తాయి. ఈ వ్యాసంలో ఒక్క వస్తువును తీసుకొని, దాని కట్టుబడిని విప్పి చూపి, అందులో ఎంత శాస్త్రము, ఎంత భాష, ఎంత చరిత్ర ఇమిడి ఉన్నవో తెలిపి, ఆ విషయమున మన కళాశాల చేయదగిన పని ఏమిటో విద్యార్థులకును, యాజమాన్య సంఘమువారికిని విన్నవించుకొనుట నా ఉద్దేశము. ఆ వస్తువు పందిరి మంచము.

పేరులోని పొత్తు

నాలుగు మూలల నాలుగు స్తంభాలు నిలిపి, వాటిపై చట్రము అమర్చి, దానికి దోమతెరయో, జాలరు గుడ్డయో వ్రేలాడదీసే మంచాన్ని తెలుగులో పందిరి మంచము అంటాము. ఉర్దూలో దానిని "ఛప్పర్ ఖట్" అంటారు. ఛప్పర్ అనగా పందిరి, కప్పు. ఖాట్ అనగా మంచము. ఒక భాషలోని మాటను ఇంకొక భాషలోనికి అక్షరాలా దింపినట్లున్న ఈ రెండు పేర్లు ఒకే ఇంటిలో, ఒకే వస్తువును చూపి పలికినవే. మంచము సంస్కృత "మంచ" శబ్దభవము. ఖాట్ సంస్కృత "ఖట్వ" నుండి వచ్చినది. శివుని చేతి ఆయుధమైన "ఖట్వాంగము" అనే పేరుకు మంచపు అంగము, అనగా మంచపు కోడు అని అర్థము. ఆ ఖాటే ఆంగ్లములోనికి పోయి "కాట్" అయినది. ఉర్దూవారి "పలంగ్", మన "పల్లకి" రెండూ "పల్యంక" శబ్దపు బిడ్డలే. మంచము ఒక్కటైనా దాని పేర్లు ఇన్ని ఇండ్లు తిరిగి వచ్చినవి.

పని మాటలలో ఈ పొత్తు మరింత స్పష్టము. మంచపు కాలును మనము "కోడు" అంటాము, ఉర్దూలో "పాయా". ఒక కర్ర కొసను సన్నగా చెక్కి ఇంకొక కర్ర తొలిలో దూర్చే భాగము మనకు "కుసి", వారికి "చూల్". మన చిత్రిక వారి "రందా". మన బాడిస వారి "బసూలా". మన మూలమట్టము వారి "గునియా". మన తరిమెన వారి "ఖరాద్". ఇక కొలత మాట వింటే ఆశ్చర్యము కలుగుతుంది. అంగుళంలో ఎనిమిదవ వంతును తెలుగు వడ్రంగి "నూలు" అంటాడు, ఉర్దూ వడ్రంగి "సూత్" అంటాడు. రెండింటికీ దారము అనియే అర్థము. ఇద్దరు పనివారు ఒకే దుంగ మీద ఒకే దారముతో గీత కొట్టినప్పుడు గాని ఇట్టి సామ్యము పుట్టదు.

కోస్గి ప్రాంతము ఇటువంటి కలయికకు తగిన చోటు. ఇది చిరకాలము మహబూబునగరు జిల్లాలో ఉండి, 2019లో ఏర్పడిన నారాయణపేట జిల్లాలో చేరినది. కన్నడ సీమ దీనికి పొరుగు. ఈ నేల మీద బ్రతికే మనిషి నోట తెలుగు, ఉర్దూ, కన్నడము మూడూ ఆడుతూ ఉంటాయి. పందిరి మంచము ఒక్కడు చేసే వస్తువు కూడా కాదు. కర్ర పని వడ్ల వృత్తివారిది. బోల్టులు, బందులు కమ్మరివి. కోళ్ళకు గుండ్రదనము, లక్క మెరుగు ఖరాదీ చేతివి. నవారు నేతవారిది. పరుపులోని దూదిని వింటితో ఏకినవాడు దూదేకుల సాయెబు. ఇందరి చేతులు కలిస్తే గాని ఒక మనిషికి ఒక రాత్రి నిద్ర సమకూరదు.

చేవగల కర్ర

ఇక నిర్మాణము. మంచము మంచిదా కాదా అన్నది ఉలి పట్టక మునుపే కర్ర ఎంపికలో సగము తేలిపోతుంది. చెట్టు నడిమి భాగమున ముదిరి రంగు తేలిన కర్రను చేవ అంటారు. చుట్టూ ఉండే తెల్లకర్ర మెత్తన, పురుగులకు ప్రీతి. అందుచేత చేవనే మంచానికి వాడవలెను. మనిషిని "చేవ గలవాడు" అని మెచ్చుకొనేటప్పుడు మనము వడ్రంగి మాటనే అరువు తెచ్చుకొంటున్నామని ఎంతమందికి తెలుసు? "చిత్రిక పట్టిన వాక్యము" అనేటప్పుడును అంతే.

టేకు ఈ పనికి రాజు వంటిది. తన నూనెగుణము వలన చెదకు లొంగదు, ఉలికి లొంగుతుంది. జిట్రేగి మరింత బరువు, మరింత అందము, మరింత ఖరీదు. నల్లమల వంటి అడవులకు దూరమైన మన మెట్టసీమలో సామాన్యుని ఇంటికి వేప, తుమ్మలే దిక్కు. వేప చేదు గనుక పురుగు త్వరగా చేరదు. తుమ్మ గట్టిది గనుక బండికి, నాగలికి, మంచపు కోళ్ళకు పనికివచ్చినది.

పచ్చికర్రతో మంచము చేయరాదు. కర్ర ఆరేకొద్దీ కుంచించుకొంటుంది. నిలువునా కుంచించుకొనేది లెక్కకు రానంత. అడ్డముగా మాత్రము టేకు వంటి నెమ్మది కర్ర సైతము పూర్తిగా ఎండే సరికి నూటికి సుమారు ఆరు పాళ్ళ వరకు తగ్గగలదు. ఆరంగుళాల వెడల్పు గల పచ్చి పట్టె మామూలుగా ఆరే సరికే ఒకటి రెండు నూళ్ళు తరుగుతుంది. అతుకు వదులగుటకు అంత చాలు. కనుకనే కోసిన చెక్కల మధ్య సన్నని పుల్లలు పెట్టి, గాలి ఆడునట్లు నీడలో పేర్చి, అంగుళము మందానికి ఒక ఏడాది చొప్పున ఆరబెట్టడము పాతవారి లెక్క. ఈ ఓపిక నేటి వ్యాపారములో లేదు. అందుచేతనే నిన్న కొన్న మంచము నేడు కిర్రుమంటున్నది.

కుసి, తొలి

పందిరి మంచానికి స్తంభాలు నాలుగు. ఒక్కొక్కటి మూడున్నర అంగుళాల చదరము, ఏడడుగుల ఎత్తు అనుకొందాము. వాటిని కలిపే పట్టెలు నాలుగు. ఇవి ఆరంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళాల మందము. స్తంభములో పట్టె వచ్చి చేరే చోటును చదరముగానే వదలి, ఆ పైభాగాన్ని మాత్రమే తరిమెన పడతారు. గుండ్రని ఒంటి మీద పట్టె భుజము ఆనదు, చదరము మీద అంతటా ఆనుతుంది. సన్నని ఏడడుగుల కర్ర తరిమెన మీద తిరిగేటప్పుడు నడిమిన వణుకుతుంది గనుక, స్తంభాన్ని రెండు ముక్కలుగా చేసి, ఒకదాని కొసను రెండవదాని గుంటలో బిగించి, ఆ అతుకును ఒక పూసకట్టు క్రింద దాచుట కూడా కలదు. చూసేవానికి అది అలంకారము. చేసేవానికి అది అవసరము.

పట్టె కొసన కుసి చెక్కుతారు. పట్టె మందములో మూడవ వంతు కుసికి ఇవ్వవలెనన్నది నియమము. ఒకటిన్నర అంగుళాలు అనగా పన్నెండు నూళ్ళు, అందులో కుసి నాలుగు నూళ్ళు. అంతకన్న మందమైతే స్తంభములోని తొలి పెద్దదై స్తంభము బలహీనపడుతుంది. అంతకన్న సన్నమైతే కుసి విరుగుతుంది. ఒకే స్తంభములోనికి నిలువు పట్టె ఒకవైపు నుండి, అడ్డపట్టె మరొకవైపు నుండి వస్తాయి. రెండు కుసులు లోపల ఢీకొంటాయి. దీనికి ఉపాయాలు మూడు. ఒక కుసిని పొట్టిగా చేయుట, రెండింటి కొసలను ఏటవాలుగా కోసి ఒకదాని కొకటి ఆనించుట, ఒకదానిని పైకి ఒకదానిని క్రిందికి జరుపుట. ఏ ఉపాయము ఎంచుకొన్నా స్తంభము గుల్ల కాకుండా చూచుటే ధ్యేయము.

తల వైపు, కాళ్ళ వైపు అడ్డపట్టెలను స్తంభాలతో శాశ్వతముగా బిగిస్తారు. కుసిని తొలిలో దూర్చి, రెండింటి గుండా రంధ్రము వేసి, వెదురు చీలనో గట్టి కర్ర చీలనో కొడతారు. నేర్పరియైన పనివాడు కుసిలోని రంధ్రాన్ని స్తంభపు రంధ్రానికి సరిగా ఎదురుగా వేయడు. భుజము వైపుకు అర నూలు జరిపి వేస్తాడు. చీల దిగేకొద్దీ రెండు రంధ్రాలూ ఒక వరుసకు రాజూచి, పట్టెను స్తంభములోనికి లాగివేస్తాయి. జిగురు లేకపోయినా ఆ అతుకు తరతరాలు నిలుస్తుంది. అర నూలు తప్పుగా కనిపించేది అక్కడ ఒప్పు.

నిలువు పట్టెలను మాత్రము ఊడదీయుటకు వీలుగా అమర్చాలి. ఏడడుగుల స్తంభాలతో బిగించిన మంచము ఏ ద్వారబంధములోను పట్టదు. పెండ్లికూతురు వెంట ఎడ్లబండి మీద అత్తవారింటికి పోవలసిన వస్తువు అది. కావున నిలువు పట్టెల కుసులను పొడిగానే దూర్చి, స్తంభము గుండా పట్టెలోనికి మరబోల్టు బిగిస్తారు. ప్రతి అతుకు వద్ద రెండు కర్రల మీదా ఉలితో ఒకటి, రెండు, మూడు, నాలుగు గాట్లు పెడతారు. మరల కూర్చేటప్పుడు రెండు గాట్ల కుసి రెండు గాట్ల తొలిలోనే పోవాలి. చదువురాని పనివాడు వ్రాసుకొన్న లిపి అది.

మన పట్టణములోనే ఒక వృద్ధ వడ్రంగి దుకాణము ముందర నిలిచి, "పెద్దనాయనా, మొలలు కొడితే పని తొందరగా కాదా?" అని అడిగాను. ఆయన ఉలి ఆపకుండానే "మొల కర్రను పొడుస్తది సారూ. కుసి పెడితె కర్రనే కర్రను పట్టుకుంటది. పొడిచింది యెప్పటికైన తుప్పు పట్టి వొదులుతది" అన్నాడు. యంత్రశాస్త్ర గ్రంథము రెండు పుటలలో చెప్పే మాట అది. మొల ఒక్క బిందువు వద్ద పట్టుకొంటుంది, కుసి తన నాలుగు ముఖాలతో, భుజాలతో పట్టుకొంటుంది.

లెక్క, మూలమట్టము

పందిరి మంచపు అసలు శత్రువు ఊగుట. నేల నుండి ఒకటిన్నర అడుగు ఎత్తున పట్టె ఉన్నదనుకొంటే, స్తంభపు కొస దానికి ఐదున్నర అడుగుల పైన ఉంటుంది. అనగా స్తంభము పొడవైన మీటకోల వంటిది. పైన ఒక పిల్లవాడు పట్టి ఊపిన బలము, ఆరంగుళాల పట్టె అతుకు వద్దకు వచ్చేసరికి స్థూలముగా పదకొండు రెట్లు అవుతుంది. పట్టె వెడల్పును మూడంగుళాలకు తగ్గిస్తే అది ఇరవై రెండు రెట్లు. కనుకనే పందిరి మంచపు పట్టెలు వెడల్పుగా ఉంటాయి. చాలామంది పై చట్రమే మంచాన్ని నిలబెడుతున్నదని భ్రమపడతారు. అది నాలుగు స్తంభాలను ఒక్కతీరుగా కదిలేటట్లు మాత్రమే చేస్తుంది. నిలబెట్టేది క్రింది అతుకే.

మూలలు సరిగా ఉన్నవో లేవో చూచుటకు మూలమట్టము చాలదు. పెద్ద చట్రానికి మూల నుండి మూలకు త్రాడు లాగి, రెండు కర్ణములూ సమానమా అని చూస్తారు. ఆరడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు గల చట్రములో ఆ కర్ణము సరిగా ఏడున్నర అడుగులు రావలెను. మూడు, నాలుగు, ఐదు అనే ప్రసిద్ధమైన లెక్కను ఒకటిన్నరతో హెచ్చిస్తే వచ్చేది ఇదే. తొమ్మిదవ తరగతిలో పైథాగరస్ సిద్ధాంతము అప్పగించలేక బిక్కమొగము వేసే మన పిల్లవాని తండ్రి, సాయంత్రము దుకాణములో ఆ సిద్ధాంతాన్ని త్రాటితో రుజువు చేస్తున్నాడు. ఈ ఇద్దరినీ ఒకరి కొకరిని పరిచయము చేయవలసిన బాధ్యత ఎవరిది?

చివరకు పందిరి. సన్నని నాలుగు బద్దీలను మూలల వద్ద సగము సగము కోసి ఒకదానిపై ఒకటి పరుస్తారు. ఆ మూలలో రంధ్రము వేసి స్తంభపు కొసన ఉన్న కుసికి తొడిగి, పైన ఒక కలశపు బుడిపె పెడతారు. బుడిపె తీస్తే చట్రము చేతికి వస్తుంది. తరిమెన మీద కోడు తిరుగుచుండగానే లక్క పుల్లను అదిమితే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకొంటుంది. ఈ పద్ధతినే ఏటికొప్పాక బొమ్మలవారు అంకుడు కర్ర మీద చూపి దేశమంతటా పేరు తెచ్చుకొన్నారు.

గతము: దాని వెలుగు, దాని నీడ

మంచము గూర్చి మన పూర్వులు తేలికగా తలపలేదు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో శయ్యాసనములకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము కేటాయించి, టేకు మొదలుగా ఏయే కర్రలు తగినవో వివరించాడు. 1333లో మన దేశానికి వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, హిందూస్తానపు మంచాలు ఒక్క మనిషి మోయగలంత తేలికైనవనీ, నాలుగు కోళ్ళ మీద నాలుగు కర్రలు అమర్చి నడుమ పట్టు లేక నూలు పట్టెతో అల్లుతారనీ తన యాత్రాగ్రంథములో నమోదు చేశాడు. ఒకరికి విశ్వకర్మ ఆదిశిల్పి. మరొకరికి జకరియ్యా ప్రవక్త వడ్రంగి అని హదీసు చెబుతున్నది. ఉలిని హీనముగా చూడమని ఈ రెండు మాటలలో ఏదియు చెప్పదు.

ఐనను గతాన్ని పొగడుతూ కూర్చొనుట నా అభిమతము కాదు. తెలంగాణములో పందిరి మంచము చాలవరకు గడీల వస్తువు. దాని మీద పరుండినవారు దొరలు, దేశముఖులు. దానిని చెక్కినవారిలో ఎందరికి కూలి ముట్టినది? వెట్టిచాకిరి పేర వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి మొదలగువారు పనికి ప్రతిఫలము లేకుండ శ్రమించిన చరిత్ర మనది. 1923లో నిజాము ప్రభుత్వము వెట్టిని నిషేధిస్తూ ఫర్మానా వెలువరించినను గ్రామములలో అది ఆగలేదు. 1946 నుండి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటానికి వెట్టి ఒక ముఖ్య కారణము. జాగీర్లు 1949లో రద్దయినవి. కాబట్టి పందిరి మంచపు నగిషీని మెచ్చుకొనేటప్పుడు, అది చెక్కిన చేతికి పైకము ముట్టినదా అని కూడా అడుగవలెను. కళను గౌరవించుట అనగా మొదట కూలిని గౌరవించుట.

ఈనాటి స్థితి

నేడు దొర లేడు, వెట్టి లేదు. అయితే పని కూడా లేదు. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది. ఎడ్లబండి పోయి ఆటో వచ్చినది. పంట చేతికి వచ్చినప్పుడు కళ్ళములో "మేర" కొలిపించుకొనే ఆయగాళ్ళ పద్ధతి కనుమరుగైనది. ద్వారబంధము ఇనుముది, మంచము పట్టణము నుండి వచ్చిన చెక్కపొట్టు పలకలది. అది పదేండ్లు గడవకముందే తడికి ఉబ్బి, మరలు ఊడి, చెత్తకు పోతుంది. దానిని బాగుచేయడము వీలు కాదు, ఎందుకనగా అందులో విప్పి బిగించుటకు కుసి లేదు. అరిగిన ఒక కుసిని తీసి కొత్త ముక్క అతికితే పాత మంచము ఇంకొక తరానికి సిద్ధమవుతుంది.

ఇంతలో ఊళ్ళలో మిగిలిన పందిరి మంచాలను పాత సామాను బేరగాళ్ళు కొని పోతున్నారు. కొన్ని నగరములో హోటళ్ళకు అలంకారమవుతాయి. తక్కినవి కోత మిల్లుకు పోతాయి. స్తంభము కోసి దీపపు స్తంభము చేస్తారు. ఆ అతుకు ఎట్లు కూర్చినారో కొలిచి వ్రాసుకొన్నవాడు లేడు. నారాయణపేట చీరకు, గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు లభించినది. అందుకు మనకు గర్వము. ఆ చీర కట్టుకొన్న ఇంటిలోని మంచానికి పేరు వ్రాసిపెట్టిన కాగితమైనా లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును, అది న్యాయమైనదే. పందిరి మంచానికి కర్ర విపరీతముగా పడుతుంది. పైన చెప్పిన కొలతలతో నాలుగు స్తంభాలకే ఇంచుమించు రెండున్నర ఘనపుటడుగుల కలప కావాలి. అదే ఒకటిన్నర అడుగు కోళ్ళున్న మామూలు మంచానికి అర ఘనపుటడుగు చాలును. అడవులు తరిగిపోతున్న కాలములో ఇంటింటికీ పందిరి మంచము చేయమనుట అవివేకము. నేను అట్లు కోరుట లేదు. కోరునదల్లా ఆ మంచములో ఉన్న అతుకుల విద్య నిలవాలని. ఆ కుసి చిన్న మంచానికి, బల్లకు, కిటికీకి, పుస్తకాల అరకు కూడా పనికివస్తుంది. పందిరి మంచము చేయగలిగినవాడు దేనినైనా చేయగలడు. అందుకే వడ్రంగములో అది పట్టపరీక్ష వంటిది.

మరొక ఆక్షేపణ: ఈ పనిని ప్రభుత్వము చూచుకొంటున్నది గదా! నిజమే. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన విశ్వకర్మ పథకములో 18 వృత్తులు చేరినవి, వాటిలో వడ్రంగము ఒకటి. శిక్షణ కాలములో రోజుకు 500 రూపాయల భత్యము, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతము వడ్డీపై రెండు విడతలుగా 3 లక్షల వరకు ఋణము ఇందులో ఉన్నవి. ఇది మంచి పని. కాని ఋణము పనిముట్టును కొనిపెట్టగలదు, తాత చేతిలోని ఒడుపును కొనిపెట్టలేదు. ఆ ఒడుపు వ్రాతలో లేదు, నోటిలో ఉన్నది. ఆ నోరు మూతపడినప్పుడు ఒక గ్రంథాలయము మూతపడినట్లే.

శయ్య

తెలుగు బోధించువాడు వడ్రంగములో తల దూర్చుట ఏల అని కొందరికి తోచవచ్చును. ఓరుగంటి ప్రతాపరుద్రుని ఆస్థానములో ఉండిన విద్యానాథుడు తన ప్రతాపరుద్రీయములో కావ్యగుణములను చెబుతూ, పదములు ఒకదానితో ఒకటి మైత్రితో అమరియుండుటకు "శయ్య" అని పేరు పెట్టినట్లు మన ఆనర్సు విద్యార్థులకు తెలుసు. మంచి పద్యములో ఒక పదము తీసి ఇంకొకటి పెట్టలేము. శయ్య అనగా పడకయే గదా! రెండు గాట్ల కుసి రెండు గాట్ల తొలిలోనే పోవుట వంటిదే ఆ అమరిక. మన కావ్యశాస్త్రము కవి నేర్పును చెప్పుటకు మంచము వద్దకు వచ్చినది. ఉర్దూవారు బాగా అలసిపోయినవానిని గూర్చి "చూలేఁ ఢీలీ హో గయీ" అంటారు. అనగా అతని కుసులు వదులైనవట. పనివాడు లేని భాషలో ఇట్టి నుడికారము పుట్టదు. పనివాడు పోయిన భాషలో అది ఎన్నాళ్ళు నిలుస్తుంది? నేటి విద్యార్థి ఆ జాతీయమును పరీక్షలో అర్థము వ్రాస్తాడు, కాని కుసి ఎట్లుండునో చూచి యుండడు.

ఇంతకన్న బాధాకరమైన సంగతి మరొకటి ఉన్నది. ప్రవేశ పత్రములో తండ్రి వృత్తి అనే గడి వద్ద మన విద్యార్థులలో కొందరి కలము ఆగిపోతుంది. వడ్రంగి, ఖరాదీ, దూదేకుల అని వ్రాయుటకు బదులు "కూలి" అనో "వ్యాపారము" అనో వ్రాస్తారు. ఆ కలమును ఆపినది పేదరికము కాదు, తండ్రికి తెలిసినది విద్య కాదని మనము నేర్పిన పాఠము. ఆ పాఠాన్ని మనమే దిద్దవలెను.

విన్నపము

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ, ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటమును వ్యవసాయ పదములతో ప్రచురించినది. పండితులు ఊరూరు తిరిగి, రైతును గురువుగా కూర్చుండబెట్టుకొని మాటలు సేకరించారు. ఆ దారి మనకు ఉన్నది. మన కళాశాలలో రెండు భాషల శాఖలున్నవి గనుక వారికి లేని ఒక సౌలభ్యము కూడా మనకున్నది.

కావున మూడు పనులు సూచించుచున్నాను. మొదటిది: తెలుగు శాఖ నుండి ఒకరు, ఉర్దూ శాఖ నుండి ఒకరు జంటగా, కోస్గిలోను చుట్టుపట్ల ఊళ్ళలోను ఉన్న వడ్రంగి దుకాణాలకు పోయి, పనిముట్ల పేర్లు, అతుకుల పేర్లు, కొలతల పేర్లు రెండు భాషలలోను సేకరించవలెను. ఒక్క వేసవి సెలవు ఈ పనికి చాలును. రెండవది: పాత పందిరి మంచము ఉన్న ఇంటివారిని వేడుకొని, అది బేరానికి పోకముందే దానిని కొలిచి పటము గీయవలెను. మీ చేతిలోని సెల్‌ఫోను ఛాయాచిత్రము తీయగలదు, కాని తొలి లోతును చెప్పలేదు. దానికి పుల్ల, కొలబద్ద కావాలి. 2024లో మన ఊరి ప్రభుత్వ పాలిటెక్నిక్ ఇంజనీరింగు కళాశాలగా ఎదిగినది. ఆ విద్యార్థుల సహాయము కోరితే పటము పని సులువవుతుంది, వారికీ తమ శాస్త్రపు వేరు ఎక్కడున్నదో తెలుస్తుంది.

మూడవది యాజమాన్య సంఘమువారికి. స్థానిక వడ్రంగి ఒకరి చేత, మామూలు కొలతలో నాలుగవ వంతు పరిమాణములో, అతుకులన్నీ విప్పి కూర్చుటకు వీలుగా ఒక పందిరి మంచపు నమూనా చేయించి గ్రంథాలయములో ఉంచగోరుచున్నాను. దానికి బేరమాడకుండ పూర్తి కూలి ఇవ్వవలెను. ఆ నమూనాను అందజేసే రోజున ఆ పనివానిని వేదికపై కుర్చీలో కూర్చుండబెట్టి, ఒక్క గంట పాఠము చెప్పించవలెను. ఆ గంటకు అతిథి ఉపన్యాసకునికి ఇచ్చే పారితోషికమే ఆయనకును ఇవ్వవలెను. ఖర్చు ఒక వార్షికోత్సవపు షామియానాకు మించదు.

ప్రియ విద్యార్థులారా, మీలో వడ్రంగులు కాగలవారు కొద్దిమందే కావచ్చును. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, ఇంజనీర్లు కండి. మంచిదే. కాని ఏ పని చేసినా ఆరిన కర్రను ఎంచుకొనుట, మూల నుండి మూలకు త్రాడు లాగి చూచుకొనుట, మొల కొట్టి పని ముగించక కుసి కుదిర్చి అతుకు నిలుపుట నేర్చుకోండి. ఈ సారి ప్రవేశ పత్రము నింపునప్పుడు తండ్రి వృత్తి అనే గడిలో ఆయన చేసే పని పేరును రెండు భాషలలోను, దస్తూరి చక్కగా కుదిర్చి వ్రాయండి.